రెండు-రెండు, రెండు-నాలుగు

మొన్న ఆదివారం పొద్దున మా ఇంట్లో పంచాయితీ కూర్చుంది. ముద్దాయి మా మనుమరాలు. పదమూడు నిండి నాలుగు నెలలు, ఎనిమిదో తరగతి. జామెట్రీ బాక్సులో కంపాసుకూ స్కేలుకూ మధ్యన ఒక కాటుక పెన్సిలు, ఒక లిప్‌స్టిక్కు దొరికాయి. లిప్‌స్టిక్కు ఎర్రగా ఉన్నా ఒక అర్థం ఉండేది. అది అచ్చం పెదవి రంగులోనే ఉంది. ఉన్న రంగే పూసుకోవడానికి డబ్బులు పెట్టి కొనడమేమిటో నాకు అంతుపట్టలేదు. ఆ మాటే అన్నాను. "దాన్ని న్యూడ్ షేడ్ అంటరు తాతా" అంది ముద్దాయి, దించిన తల ఎత్తకుండానే.

కోడలు ఒక్క మాట మీద నిలబడింది. "పదో తరగతి పరీక్షలు అయ్యేదాక అవి ఇంట్ల కనపడొద్దు మామయ్యా." మా వాడు మెత్తన. బిడ్డ కంట్లో నీళ్ళు చూస్తే వాడికి ముద్ద దిగదు. "అందరు పిల్లలు పెట్టుకుంటనే ఉన్నరు, ఏముందండ్ల" అని పేపరు చాటునుంచి గొణిగాడు. వంటింట్లోంచి మా ఆవిడ గొంతు వినపడింది. "ఆ ముసలాయననే అడుగుండ్రి. మెదక్‌ల సగం మంది ఆడోళ్ళకు సింగారమమ్మింది ఆయననే గద!"

అందులో అబద్ధం లేదు. మాది గాజుల దుకాణం. ఇప్పుడు బోర్డు మీద 'కంగన్ హాల్' అని ఉంది, దాని కింద మా వాడు 'కాస్మెటిక్స్' అని లైట్లతో రాయించాడు. అందులో ఒక అక్షరం ఎప్పుడూ వెలగదు. నేను కూర్చునే రోజుల్లో బోర్డే లేదు. రాందాస్ చౌరస్తాలో నిలబడి మా నాయన పేరు చెబితే పసిపిల్లలు కూడా తోవ చూపించేవాళ్ళు. 1966లో, పద్నాలుగేళ్ళ వయసులో, చదువు అబ్బలేదని నన్ను గల్లాపెట్టె పక్కన కూర్చోబెట్టాడు. మోకాళ్ళు సహకరించక దిగిపోయేసరికి యాభై ఏళ్ళు దాటాయి. అన్నేళ్ళలో ఎన్ని చేతులు పట్టుకున్నానో లెక్క లేదు. పరాయి ఆడపిల్ల చెయ్యి నలుగురి ముందు పట్టుకోగలిగిన మగవాళ్ళు ఊళ్ళో ఇద్దరే, ఒకరు డాక్టరు, ఇంకొకరు గాజులాయన.

మా వ్యాపారంలో వయసును ఏండ్లతో కొలవరు. రెండు-రెండు, రెండు-నాలుగు, రెండు-ఆరు, రెండు-ఎనిమిది, ఇవీ మా లెక్కలు. రెండు-నాలుగు అంటే రెండంగుళాల మీద పదహారింట నాలుగు వంతులు, అంటే గాజు లోపలి కొలత రెండుంబావు అంగుళాలు. పిల్ల చేతిని ఎడమ చేత్తో పట్టుకుని, బొటనవేలి మొదట్లో ఉన్న ఎముకను లోపలికి నొక్కి, నాలుగు వేళ్ళనూ మొగ్గలా దగ్గరికి చేర్చి, గాజును కొంచెం కొంచెం తిప్పుతూ ఎక్కించాలి. తోస్తే పగులుతుంది. ఎముక కింద మెత్తగా దూది పట్టుకున్నట్టుంటే పసి చెయ్యి. అదే చెయ్యి ఒకనాడు గట్టిపడి, రెండు-రెండు గాజు పిడికిలి దగ్గరే ఆగిపోతుంది. తల్లి నా వైపు చూసేది, నేను తల్లి వైపు చూసేవాణ్ణి. పైకి అనేదేమీ ఉండేది కాదు. వెనక అరలోంచి రెండు-నాలుగు తీసేవాణ్ణి. ఇంకో ఆరు నెలలు తిరగకుండా ఆ ఇంటి నుంచి కబురు వచ్చేది, పిల్ల పెద్దమనిషి అయింది, గాజుల మలారం తీసుకుని రమ్మని.

మా రోజుల్లో పిల్ల ఎప్పటినుంచి ముస్తాబు చేసుకోవాలన్న ప్రశ్నే పుట్టలేదు. ఎందుకంటే ఆ పని తొట్టెలనాడే మొదలయ్యేది. మూడు వారాల పసిగుడ్డు కళ్ళకు కాటుక, బుగ్గన దిష్టిచుక్క, అరికాలిలో ఇంకో చుక్క, చేతులకు నల్ల గాజులు. ఆడా మగా తేడా లేదు. నాకూ పెట్టారు. ఆ తర్వాత చెవులు కుట్టించడం. ఆషాఢంలో గోరింటాకు, మోచేతుల దాకా రుబ్బిన ముద్ద పెట్టి, ఆకులు చుట్టి, రాత్రంతా కదలకుండా పడుకోబెట్టడం. బతుకమ్మకు పట్టు పావడా, పూలజడ. ఓణీ వేసిన నాటి నుంచి ఒంటికి పసుపు, చేతి నిండా గాజులు. పెళ్ళయితే మెట్టెలు, నల్లపూసలు. తొమ్మిది రోజులు ఆడి బతుకమ్మను నీళ్ళలో వదిలాక పసుపు గౌరమ్మను ఒకరికొకరు పూసుకుంటారే, అదీ సింగారమే. ఒక్కోటీ ఒక్కో మెట్టు, ప్రతి మెట్టు దగ్గరా చెయ్యి పట్టుకుని ఎక్కించే ఒక పెద్దామె. ఎవరూ అద్దం ముందు ఒంటరిగా నిలబడి నేర్చుకోలేదు.

కాటుకైనా బజార్లో దొరికే సరుకు కాదు. మా వాడలో కాటుక పట్టడంలో చెయ్యి తిరిగిన ఒకామె ఉండేది. ఆమె సంగతి ముందుముందు చెబుతాను. గుంటగలగరాకు రసంలో తెల్లటి గుడ్డ ముక్క నానేసి, నీడన ఆరబెట్టి, దాన్ని వత్తి చేసి ఆముదం దీపం వెలిగించేది. దీపానికి అటూ ఇటూ రెండు ఇటుకలు పెట్టి, పైన ఇత్తడి పళ్ళెం బోర్లించేది. గాలి సోకకుండా మూల చూసి పెట్టాలి, గాలి తగిలితే మసి పక్కకు పోతుంది. తెల్లారి పళ్ళెం తిప్పితే మధ్యన నల్లటి మఖమలు గుడ్డ పరిచినట్టుండేది. దాన్ని కోడి ఈకతో గీకి, వెన్న కాచిన నెయ్యి రెండు చుక్కలేసి, ఉంగరపు వేలితో మెదిపి భరిణెకెత్తేది. తల్లులు పిల్లల్ని ఒళ్ళో వేసుకుని, గడ్డం పైకెత్తి, "మీదికి చూడు, మీదికి చూడు" అంటూ కింది రెప్ప మీద వేలితో ఒక్క గీత లాగేవాళ్ళు.

ఇప్పటి పిల్లల డాక్టర్లు చంటిపిల్లల కళ్ళకు కాటుక వద్దే వద్దంటున్నారు. వేలి గోరుకు మురికి ఉంటుంది, కొన్ని సుర్మాల్లో సీసం ఉంటుంది, అది పిల్లల ఒంట్లోకి పోతే బుర్రకే చేటు. ఒప్పుకుంటాను. మా రోజుల్లో అన్నీ బంగారమే అని నేననలేదు.

మేకప్పు అనే మాట మాకు తెలియదు. మాకున్న మాట వేషం. దసరా ముందూ వెనకా ఊళ్ళల్లోకి చిందు భాగవతులు వచ్చేవాళ్ళు. చెట్టు కింద కూర్చుని, చేతద్దం ఎదురుగా పెట్టుకుని, ముఖానికి పచ్చటి అర్దళం రంగు పూసుకుంటుంటే మేం గుడ్లప్పగించి చూసేవాళ్ళం. ముఖానికి రంగు వెయ్యడమంటే మనిషి దేవుడో రాక్షసుడో కావడం. అందుకే ఇంట్లో ఆడపిల్ల కొంచెం ఎక్కువ పౌడరు కొట్టుకుంటే "ఏం వేషమే ఇది" అనేవాళ్ళు. తిట్టు అయితే తిట్టే కానీ, ఆ మాటలో ఒక లెక్క ఉంది. సింగారం వేరు, వేషం వేరు. పసుపు, కాటుక, గోరింట ఉన్న ముఖానికే వన్నె తెస్తాయి. అర్దళం ఉన్న ముఖాన్ని దాచేస్తుంది. మా మనుమరాలి పెదవిరంగు లిప్‌స్టిక్కు ఈ రెంటిలో దేని కిందికి వస్తుందో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

అందరికీ ఒకటే లెక్క అనుకోవద్దు. మెదక్‌లో దుకాణం నడిపినవాడికి మూడు క్యాలెండర్లు ఉండాలి. బతుకమ్మ ముందు పది రోజులు హిందువుల బేరం. రంజాన్ నెల చివర, చంద్రుడు కనపడిన రాత్రి, బుర్కాల వాళ్ళు తెల్లారేదాకా బారులు కట్టేవాళ్ళు, లక్క గాజులు, సుర్మా, మెహందీ. క్రిస్మస్ వచ్చిందంటే చర్చి తోవ పొడుగునా జనం. మా చర్చి గంటల గోపురం 175 అడుగులు. 1914లో మొదలుపెట్టి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ చేశారు. కరువు రోజుల్లో ఆ చర్చి కట్టించిన పాస్నెట్ దొర పని పెట్టి కూడు పెట్టాడని మా తాత తరం చెప్పుకునేది. క్రైస్తవుల ఇళ్ళ అమ్మాయిలు బొట్టు కొనరు. వాళ్ళకు తెల్ల రిబ్బన్లు, పౌడరు డబ్బా, ముత్యాల క్లిప్పులు. శివరాత్రికి ఏడుపాయల జాతరలో, మంజీర పాయల మధ్య ఇసుకలో గుడిసె వేసుకుని కూర్చుంటే మూడు రోజుల్లో మూడు నెలల అమ్మకం. ఎవరి ఇంటి పద్ధతి వాళ్ళది. కానీ ఏ ఇంటి పిల్ల అయినా మా దుకాణం మెట్టెక్కిందంటే వెనక ఒక పెద్దామె ఉండేది. అది మాత్రం మూడు క్యాలెండర్లలోనూ ఒకటే.

మా నాయన ఒక నియమం పెట్టాడు. తల్లి వెంట రాని పిల్లకు రిబ్బను, పిన్నీసు, తిలకం సీసా తప్ప ఇంకేదీ అమ్మొద్దు. ఆ రోజుల్లో పెద్ద సరుకంటే ముఖానికి రాసుకునే స్నో. అఫ్గన్ స్నో అని 1919 నుంచీ ఉన్న బొంబాయి సరుకు. దాన్ని పెళ్ళికూతుళ్ళకూ, ఉద్యోగాల టీచరమ్మలకూ తప్ప ఇచ్చేవాళ్ళం కాదు. మద్రాసు నుంచి ఐటెక్స్ కాటుక వచ్చింది. బేగంబజార్ నుంచి నర్సాపూర్ మీదుగా బస్సు టాపు మీద గాజుల పెట్టెలు తెచ్చుకునే రోజులవి. ఫిరోజాబాద్ గాజు గడ్డి మధ్య నుంచి పగలకుండా బయటికి వస్తే దేవుడికి దణ్ణం పెట్టుకునేవాళ్ళం. ఇందిరమ్మ మా మెదక్ నుంచి పోటీ చేసి గెలిచిన 1980 ప్రాంతంలో అంటించుకునే బొట్టు బిళ్ళలు ఊపందుకున్నాయి. తిలకం సీసాల అర ఖాళీ అయింది. "స్టిక్కర్లు అతికించుకునుడు బొట్టా? పోస్టాఫీసు కవరా?" అని మా నాయన తిట్టాడు. తిట్టి, పది గ్రోసులు ఆర్డరిచ్చాడు.

లక్మే కంపెనీ, నేను ఒకే ఏడాది పుట్టాం, 1952లో. విదేశీ క్రీముల కోసం మన డబ్బు సముద్రాలు దాటిపోతోందని నెహ్రూ అంటే టాటాలు పెట్టిన కంపెనీ అది. పేరు ఫ్రెంచి ఒపేరాది. ఆ ఒపేరా నాయిక పేరు మన లక్ష్మే. మన లక్ష్మి పారిస్ పోయి, పేరు మార్చుకుని, డబ్బాలో కూర్చుని తిరిగొచ్చింది. దాన్ని మా దుకాణంలో పెట్టింది మాత్రం నేను, నాయన పోయాక. హైదరాబాద్‌లో పుట్టిన సుస్మితా సేన్ 1994లో విశ్వసుందరి అయింది, అదే ఏడు ఐశ్వర్యా రాయ్ ప్రపంచసుందరి అయింది. మూడేళ్ళకు మన హైదరాబాద్ పిల్లే డయానా హేడెన్ కూడా గెలిచింది. ఆ నాలుగేళ్ళలో అమ్మినన్ని లిప్‌స్టిక్కులు అంతకుముందు నా జన్మలో అమ్మలేదు. నాయన నియమం ఆ గిరాకీలో ఎప్పుడు కొట్టుకుపోయిందో నాకే తెలియదు.

ఒక మధ్యాహ్నం మాత్రం మరిచిపోలేను. తొమ్మిదో తరగతి పిల్ల ఒక్కతే వచ్చింది, చెమట పట్టిన పిడికిట్లో నోట్లు. పేరున్న కంపెనీది కొనే డబ్బు లేదు. నా దగ్గర ఆ పేరులో ఒక్క అక్షరం మార్చిన సరుకు ఉంది, నాలుగో వంతు ధర. హోల్‌సేల్‌లో అంటగట్టారు, నేనూ కళ్ళు మూసుకుని తీసుకున్నాను. ఇచ్చాను. రెండు రోజులకు తల్లి వచ్చింది. పిల్ల మూతి కందిరీగ కుట్టినట్టు ఉబ్బి, మీద నీటి పొక్కులు. ఆ తల్లి అరవలేదు. డబ్బీని గల్లాపెట్టె మీద పెట్టి, "నీకూ ఆడపిల్ల ఉన్నది గదన్నా" అని వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం ఆ సరుకంతా మోరీలో పారబోశాను. డబ్బు పోయింది. ఆ పిల్ల మళ్ళీ మా దుకాణం వైపు రాలేదు, తల్లీ రాలేదు.

తల్లుల సంగతి కూడా చెప్పాలి, నిష్ఠూరమైనా. లిప్‌స్టిక్కు అంటే చెంప పగలగొట్టే తల్లే పదేళ్ళ పిల్లను తెచ్చి "ఇది జర నలుపు, తెల్లబడే క్రీమియ్యి" అని అడిగేది. ఫెయిర్ అండ్ లవ్లీ 1975 నుంచి ఉంది. 2020లో పేరులోంచి ఫెయిర్ తీసేసి గ్లో పెట్టారు. మా దగ్గరికొచ్చే తల్లులు ఇప్పటికీ పాత పేరుతోనే అడుగుతారు. పదేళ్ళ పిల్ల తన ముఖంలో ఏదో తక్కువైందని మొదటిసారి వినేది ఎక్కడ? సినిమాలోనూ కాదు, ఫోన్‌లోనూ కాదు. మా గల్లాపెట్టె ముందు, కన్నతల్లి నోట.

ఇక బళ్ళ సంగతి చెబితే రక్తపోటు పెరుగుతుంది. నిరుడు ఒక బడి వార్షికోత్సవానికి పోయాను, పేరెందుకు. మా పెద్దబిడ్డ కూతురు యూకేజీ. ఐదేళ్ళ పిల్లలు, పాలపళ్ళు ఊడని పిల్లలు, వాళ్ళకు ఎర్రటి లిప్‌స్టిక్కు, రెప్పల మీద మెరుపులు, బుగ్గల మీద గులాబి రంగు ఒత్తి, సినిమా ఐటం పాటకు నడుం తిప్పిస్తున్నారు. ఫుల్ మేకప్‌తో పంపాలని ఇంటికి చీటీ కూడా వచ్చిందట. కింద కుర్చీల్లో తల్లిదండ్రులు ఫోన్లు పైకెత్తి ఈలలు. మా పిల్లకు చెమటకు రంగు కళ్ళల్లోకి కారి ఏడుపు. స్టేజీ మీద ఏడ్చుకుంటూనే ఆడింది, అందరూ ముద్దొచ్చిందన్నారు. అలాంటి బళ్ళలోనే తొమ్మిదో తరగతి పిల్ల కంటికి సన్నగా కాటుక గీసుకుని పోతే తరగతి బయట నిలబెట్టి కడుక్కుని రమ్మంటారు. ఐదేళ్ళకు తప్పనిసరి, పద్నాలుగేళ్ళకు తప్పు. ఈ లెక్క ఏ మాస్టారికైనా వస్తే వచ్చి నాకు నేర్పాలి.

హాఫ్ శారీ ఫంక్షన్లకు ఈ మధ్య పోవడం మానేశాను. మా రోజుల్లో పిల్లను మూలన కూర్చోబెట్టి, చిమ్మిలి తినిపించి, ముత్తైదువులు తలా చెంబెడు నీళ్ళు పోసి, పసుపు రాసి, అప్పుడు నన్ను పిలిచేవాళ్ళు. గడప ఇవతల చాప మీద కూర్చుని, సిగ్గుతో చెయ్యి వెనక్కి లాక్కునే పిల్లకు ఆకుపచ్చ గాజులు డజను డజనున్నర ఎక్కించేవాణ్ణి. ఇప్పుడు చౌరస్తాలో ఆరడుగుల ఫ్లెక్సీ, ఫంక్షన్ హాలు, హైదరాబాద్ నుంచి మేకప్ ఆర్టిస్టు. 2022లో మాకు రైలు కూడా వచ్చె, ఇంక అడ్డేముంది. ఒక ఫంక్షన్‌లో పిల్ల పెట్టుడు రెప్పలు బరువై కళ్ళు సగం మూసి కూర్చుంది. అక్షింతలు వేసి కిందికి దిగాక నేను ఆశీర్వదించింది ఆ పిల్లనా, వాళ్ళ మేనత్తనా అని అనుమానం వచ్చి మళ్ళీ పోయి ఫ్లెక్సీ చూసుకున్నాను. ఫ్లెక్సీ మీదా గుర్తుపట్టలేకపోయాను. పదమూడేళ్ళ ముఖం మీద ముప్పై ఏళ్ళ ముఖం. దాన్నే మేం వేషం అనేవాళ్ళం.

2025 మే నెలలో హైదరాబాద్‌లో మిస్ వరల్డ్ పోటీలు పెట్టినప్పుడు మా మనుమరాలు ఫోన్ కింద పెట్టలేదు. ఆ సుందరులంతా చార్మినార్ దగ్గర నడిచి లాడ్ బజార్‌లో గాజులు చూశారు. నాకూ కొంచెం గర్వమనిపించింది, అబద్ధమాడను. లక్క గాజులకు 2024లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది కదా. 31న థాయ్‌లాండ్ అమ్మాయి గెలిచింది. ఆ మర్నాటి నుంచి మా పిల్ల గది తలుపు మూసుకోవడం మొదలైంది. ఆ ఫోన్‌లో రీల్స్ చూసే యాప్ వాళ్ళకు కూడా ఒక నియమం ఉందట, పదమూడు నిండితేనే ఖాతా ఇస్తారట. అంటే ఎప్పుడు మొదలుపెట్టాలన్నది ఎక్కడో అమెరికా కంపెనీ ఒక అంకె వేసి తేల్చేసింది. మా ఇంట్లో నలుగురు పెద్దవాళ్ళం ఉండి తేల్చుకోలేక పంచాయితీ పెట్టాం.

పంచాయితీలో ఇవన్నీ ఏకరువు పెట్టాను. అర్ధగంట పట్టింది. కోడలు ఓపిగ్గా విని, "మీ రోజులే మంచిగుండె మామయ్యా, పిల్లను అడుగుడు లేకుండె, పిల్ల అడుగుడు లేకుండె" అంది. మెచ్చుకుందో పొడిచిందో తెలియలేదు. కానీ ఆ మాటతో నా నోరు పడిపోయింది. కాటుక పట్టే ఆమె గుర్తొచ్చింది.

1971 ఎండాకాలంలో ఆమె ఓణీ ఫంక్షన్‌కు గాజులు తొడిగింది నేనే. నాకు అప్పటికి పంతొమ్మిదేళ్ళు, నాయన లేకుండా పోయిన మొదటి పిలుపు, నా చెయ్యే ఎక్కువ వణికింది. రెండు-నాలుగు. ఎడమ చెయ్యి కొంచెం సన్నం. ఆ మరుసటేడే పెళ్ళి. నాలుగేళ్ళు తిరగలేదు, ఆమె పెనిమిటిని పాము కరిచింది. పదోనాటికి మా దుకాణానికి మనిషి వచ్చాడు. రెండు డజన్లు కావాలన్నాడు, సైజు చెప్పలేదు. నాయన నా వైపు చూశాడు. నేను రెండు-నాలుగు తీసి కాగితంలో కట్టాను. ఆ గాజులకు నాయన డబ్బు తీసుకునేవాడు కాదు. ఆ రోజు చేతుల నిండా తొడిగి, తల నిండా పూలు పెట్టి, ముఖం నిండా పసుపు రాసి, గంటసేపు మహాలక్ష్మిలా కూర్చోబెట్టి, ఆ తర్వాత రాయి పెట్టి పగలగొడతారు. పెట్టేటప్పుడు అడగలేదు, తీసేటప్పుడూ అడగలేదు.

ఆమె పుట్టింటికి వచ్చి ముప్పై ఏళ్ళు బతికింది. వాడలో ప్రతి పసిపిల్లకూ ఆమె పట్టిన కాటుకే. ఆమె వేలికి ఎప్పుడూ ఆ నలుపు ఉండేది, ఆమె కళ్ళకు లేదు. అన్న కూతుళ్ళను వెంటబెట్టుకుని మా దుకాణానికి వచ్చేది. లోపలికి రాదు. మెట్టు మీద నిలబడి, నేను పిల్ల చెయ్యి పట్టుకోకముందే, "అన్నా, దీనికి రెండు-రెండు, పెద్దదానికి రెండు-నాలుగు పడ్తయి" అని చెప్పేది. ఒక్కసారి కూడా లెక్క తప్పలేదు. ఒకసారి నేనే నోరు జారి, "నువ్వు కూడ ఒక జత ఏసుకో చెల్లే, ప్లాస్టిక్‌వి, ఎవరేమంటరు" అన్నాను. నవ్వింది. "ఏసుకునే ఈడు దాటిపోయిందన్నా" అంది. అప్పటికి ఆమెకు ముప్పై దాటలేదు.

ఇది కోడలికి చెప్పలేదు. మనుమరాల్ని దగ్గరికి పిలిచి, "ఎవరు నేర్పిండ్రే నీకు?" అన్నాను.

"ఎవ్వరు నేర్పలే తాతా. ఫోన్ల చూసి నేనే నేర్చుకున్న. తలుపేసుకొని."

నాకు కోపం వచ్చింది అక్కడే. పెట్టుకున్నందుకు కాదు, తలుపేసుకున్నందుకు. ఇంట్లో ఒక అమ్మ, ఒక నానమ్మ, యాభై ఏళ్ళ అనుభవమున్న గాజుల తాత ఉండి, పిల్ల ఎవరో ముక్కూమొఖం తెలియనివాళ్ళ దగ్గర, ఒంటరిగా, దొంగతనంగా నేర్చుకోవడమేమిటి? "ఇటియ్యి ఆ పెన్సిలు" అన్నాను. అద్దాలు పెట్టుకుని చూశాను. తయారైన తేదీ లేదు, ఊరు లేదు, కంపెనీ అడ్రసు లేదు. నా మోచేతి లోపల గీసుకున్నాను. సాయంత్రానికి అక్కడ దురద. దాన్ని మోరీలో పారేసి, పిల్లను స్కూటీ మీద ఎక్కించుకుని దుకాణానికి తీసుకుపోయాను. స్కూటీ నడిపింది కోడలు, నేను వెనక ఆటోలో. మా వాడికి సరుకు గురించి ఏమీ తెలియదని ఆనాడే తెలిసింది. వాడు రేటు చూపిస్తాడు, నేను డబ్బీ తిప్పి వెనక చూపించాను. తేదీ ఎక్కడుంటుంది, మూత తెరిచిన డబ్బీ బొమ్మలో 6M అంటే తెరిచాక ఆరు నెలలని, ఎవరి పెన్సిలు వాళ్ళదే, దోస్తులతో మార్చుకోవద్దని, ముందు మోచేతి లోపల గీసుకుని ఒక రోజు ఆగాలని. బడికి వద్దు, పండక్కీ పెళ్ళికీ సరే, ఇంట్లో మా అందరి ఎదురుగా సరే. లిప్‌స్టిక్కు సంగతి వచ్చే బతుకమ్మకు చూద్దామన్నాను. కోడలు కొంచెం మూతి ముడిచింది. పిల్ల ఇంకొంచెం ఎక్కువ ముడిచింది. తీర్పు సరైందేనని అర్థమైంది.

ఇంటికొచ్చాక మా ఆవిడ ఇంకో షరతు పెట్టింది. రెండేళ్ళుగా ఆమెకు చెయ్యి వణుకుతోంది, కుంకుమ బొట్టు రోజుకో వైపు ఒరుగుతుంది. స్టిక్కరు పెట్టుకోవే అంటే వినదు. "ముందుగల నాకు దిద్దు. నాకు సక్కగ దిద్దొచ్చిన్నాడు నువ్వు దిద్దుకో" అని కుర్చీలో కూర్చుని ముఖం పైకెత్తింది. పిల్ల నానమ్మ గడ్డం కింద ఎడమ చెయ్యి పెట్టి, నాలుక కొన పళ్ళ మధ్య బిగబట్టి, ఉంగరపు వేలితో గుండ్రంగా దిద్దింది. బాగానే వచ్చింది. తర్వాత కొత్త పెన్సిలు తీసి "మీదికి చూడు నానమ్మా, మీదికి చూడు" అంది. డెబ్బై ఏళ్ళు దాటిన మనిషి, కంటిశుక్లం ఆపరేషన్ అయిన మనిషి, వద్దనలేదు. పైకి చూసింది. మొదటి గీత చెవి దాకా పోయింది.

ఆనాడు దుకాణంలో కొన్న కాటుక పెన్సిలుకూ, అద్దానికీ కలిపి మా వాడు నాకు బిల్లు కొట్టి ఇచ్చాడు. నేను నడిపిన దుకాణంలో, నేను కూర్చున్న గల్లా దగ్గర, నాకు బిల్లు. డిస్కౌంటేదిరా అంటే, "కంప్యూటర్ల తాతలకు డిస్కౌంట్ లేదు నాయనా" అన్నాడు. మా రోజుల్లో కంప్యూటరుండేది కాదు, గల్లాలో చెయ్యి పెట్టి తీసుకునేవాళ్ళం.